జవాబోళ్ల గోడ

ఆ గోడకు నీళ్లు పోసి తడిపింది మేమే. ఈ మాట ముందుగానే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత ఊర్లో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. మాబాషా ఇంట్లోవాళ్లు మొదటి నుంచీ గోడకు అడ్డం తిరిగారని ఒకరు, గొడవ పెట్టుకోవడానికే పీర్ల పండుగ దాకా కాచుకున్నారని ఇంకొకరు. మేం కాచుకోలేదు, బిందెలు మోశాం. బోర్లు ఎండిపోయి నాలుగైదు రోజులకోసారి ట్యాంకరు వచ్చే ఆ ఎండల్లో, ఇంట్లో తాగడానికి పెట్టుకున్న నీళ్లలోంచి తీసి మా నాయన ఆ గోడ మీద పోశాడు. ఆయన అలిసిపోతే నేను పోశాను.

మాది యాడికి మండలంలో ఒక చిన్న ఊరు. మా నాయన మాబాషా పరుపులు కుడతాడు. నేను ఆయన ఒక్కగానొక్క కూతుర్ని, సుల్తానాని. మా ఆయన బెంగుళూరులో వడ్రంగి పనికి పోయి నెలకో రెండు నెలలకో వస్తుంటాడు కాబట్టి నేను అమ్మానాయనల దగ్గరే ఉండి దిండ్లకు గలీబులు కుడుతుంటాను. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదు. తాడిపత్రిలో చుట్టాల పెళ్లికి పోతే "తెలుగు సాయిబులొచ్చారు" అని మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, బిర్యానీ అందరికీ ఒకటే పెడతారు కదా అంటుంది మా అమ్మ అమీనాబీ.

ఊర్లో మా ఇంటికి ఇంకో పేరుంది, సవాలోళ్లు. మా ఇంటి పక్క ఖాళీ బయలుకు అవతలి వీధిలో ఉండే సుంకన్న మామ వాళ్లు జవాబోళ్లు. సుంకన్న మామ మాకు చుట్టమేమీ కాదు. వాళ్లది గ్రామదేవత సుంకులమ్మను కొలిచే ఇల్లు. కానీ మా నాయనా ఆయనా పిల్లకాయలుగా ఉన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్లు, ఆ వరసన నాకు మామ అయ్యాడు. పీర్ల పండుగ చివరి రోజు, పీర్లను బావి దగ్గరికి సాగనంపే ముందు, వాటిని నిలిపే మకానం ఎదుట నిప్పుల గుండం దగ్గర మా ఊర్లో ఒక పాట పాడతారు. శత్రువులు ఏటి నీళ్లు అందనివ్వక ఎడారిలో దప్పికతో ప్రాణం విడిచిన హుసేనయ్య పాట. అందులో అడిగే సవాళ్లన్నీ మా ఇంటివి, చెప్పే జవాబులన్నీ వాళ్ల ఇంటివి. మా తాతల కాలం నుంచీ సవాలు వాళ్లు పాడరు, జవాబు మేం పాడం. విని విని రెండిళ్లవాళ్లకూ పాటంతా నోటికి వచ్చు, అది వేరే సంగతి. చిన్నప్పుడు నేనొకసారి చెనిక్కాయలు ఒలుస్తూ ఒక జవాబును కూనిరాగం తీస్తే మా నాయన పని ఆపి నా వైపు చూశాడు. "అది మామోళ్లది మ్మా. మనం తీసుకోకూడదు," అన్నాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. సవాలు పాడేవాడు ఆ రోజు పొద్దున్నుంచి నీళ్లు ముట్టడు. ఆఖరి జవాబు అయ్యాక జవాబు పాడినాయన తన చెంబుతో, తన చేత్తో నీళ్లిస్తాడు. ఆ నీళ్లు తాగాకే పీర్లు కదులుతాయి. మా నాయనకు ఊహ తెలిసిన నాటి నుంచీ ఇది తప్పిందే లేదు.

ఇక శశికుమార్ సంగతి. సుంకన్న మామ కొడుకు. నాతో పాటే చదువుకున్నాడు, నేను పదోతరగతితో ఆగిపోతే వాడు తెలుగులో పెద్ద చదువు చదివి టౌన్లో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరయ్యాడు. పోయినేడు చేలన్నీ దున్ని పెట్టుకుని, విత్తనం మూటలు ఇంట్లో పెట్టుకుని ఊరంతా వాన కోసం చూస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం వాడు చేతిలో ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వెనకే సుంకన్న మామ కూడా వచ్చి గడప మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"మామా, మన పక్క పాటలన్నీ పుస్తకం వేస్తాండాం. మన పీర్ల పాట ల్యాకుంటే ఆ పుస్తకానికి మొగం యాడిది?" అన్నాడు శశికుమార్.

"మీ నాయన కాడ సగం ఉండాది కదప్పా, అది రాసుకోపో," అన్నాడు మా నాయన, సూదిలో దారం ఎక్కిస్తూ.

"జవాబులు రాసుకున్యా మామా. సవాళ్లు ల్యాకుండా జవాబులే అచ్చేస్తే సదివేటోళ్లు నవ్వరా?"

లోపల్నుంచి మా అమ్మ అంది: "గుండం కాడ పాడేది ఇంట్లో పాడేదేంది? ఎప్పుడన్నా చేసినామా అట్ల?"

"అత్తా, మామ తర్వాత ఈ సవాళ్లు ఎవురు పాడతారు చెప్పు? సుల్తానా పాడతాదా?"

ఆ మాట నాకు చురుక్కుమంది. ఆడవాళ్లు గుండం దగ్గర పాడటం మా ఊర్లో లేదు, ఆ సంగతి వాడికీ తెలుసు. మా నాయన దారం తెంపి పక్కన పెట్టాడు. అప్పుడు శశికుమార్ దగ్గరికి జరిగి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మీరేమన్నా వేరేవాళ్లా మామా? ఉర్దూ గూడా రాదు మీకు. మాట మనదే, పాట మనదే. మీరు మావాళ్లే."

మా నాయన మొహం ఎంత వెలిగిందో నాకిప్పటికీ గుర్తే. పెళ్లిళ్లలో చుట్టాల నవ్వులు తిని తిని ఉన్న మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మీరు ఊహించుకోండి. నాకూ తియ్యగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

గడప మీద నుంచి సుంకన్న మామ అందుకున్నాడు. "పాడు బావా. నేనుండా కదా. నా కొడుకు చేతిలో పెడితే నా చేతిలో పెట్టినట్టే."

ఆ మాటతో మా నాయన లొంగిపోయాడు. తలకు టవలు చుట్టుకుని, ఫోను ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు.

"ఎండల ఎడారిలో ఏమి వెదికేవయ్యా
ఏ దిక్కు పోయేవయ్యా, హుసేనయ్యా?"

ఒక్కో సవాలు పాడటం, జవాబుకు పట్టేంత సేపు ఆగడం, మళ్లీ పాడటం. శశికుమార్ తల ఊపుతూనే ఉన్నాడు. ఆఖరి సవాలు దగ్గర మాత్రం నాయన ఆగిపోయాడు. అది పీర్లు కదిలే ముందు పాడేది, మామూలు రోజుల్లో దాన్ని తలుచుకోవడానికి కూడా ఆయన ఇష్టపడడు. సుంకన్న మామ వైపు చూశాడు. ఆయన కానీమన్నట్టు చెయ్యి ఊపాడు.

"రారమ్మని కబురంపి పిలిచినోళ్లు ఏరయ్యా
వాళ్ల ఊరు యాడయ్యా, హుసేనయ్యా?"

సుంకన్న మామకు అలవాటు ఊరుకోనిచ్చిందా? బీడీ పక్కన పడేసి, గడప మీద కూర్చునే అందుకున్నాడు.

"పిలిచినోళ్లు ఊర్లనే ఇండ్లల్లోనే ఉండారు
తలుపులేసుకున్యారు, పలకకుండా ఉండారు."

ఆ ఇద్దరి గొంతులూ కలిస్తే ఎప్పటిలాగే నా ఒళ్లు జలదరించింది. గుండం లేదు, పీర్లు లేవు, అయినా సుంకన్న మామ "సుల్తానా, చెంబు తేమ్మా" అని నా చేత నీళ్లు తెప్పించి, తన చేత్తో మా నాయనకు అందించాడు. మా నాయన కళ్లు తుడుచుకుని తాగాడు. శశికుమార్ ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు.

తర్వాత కొద్ది రోజులకే బయలులో గోడకు పునాది తవ్వారు. బయలుకు ఒక కొసన పీర్ల మకానం, ఇంకో కొసన భజన మందిరం. ఆ మందిరంలో హార్మోనియం కింద పరిచే బొంత మా నాయన కుట్టిందే. ఇప్పుడు మందిరాన్ని కొత్తగా బాగుచేస్తున్నారు, ఆ కమిటీలో శశికుమార్ మాటే చెల్లుతుంది. పందులూ కుక్కలూ లోపలికి రాకుండా ప్రహరీ కడుతున్నామని, ఆ గోడ గుండానికి కూడా కాపు అని సుంకన్న మామే వచ్చి చెప్పాడు.

"నీ ఇల్లు పక్కనే కదా బావా, రోంత తడుపుతా ఉండు. ఈ ఎండకు సిమెంటు పట్టుకోదంట," అన్నాడు.

మా అమ్మ ఇంతెత్తున లేచింది. "కుండలో తాగను నీళ్లు ల్యావు, గోడకు దప్పికైతాదంటనా?"

"అరవొద్దు మ్మే. గుండం కాడికి పందులు రాకుంటే మనకే కదా మంచిది," అన్నాడు మా నాయన.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బిందెలు మోసి తడిపాం. గోడ నీళ్లను పీల్చుకుంటుంటే సుయ్‌మని చప్పుడొచ్చేది. గోడ నిలువెత్తు లేస్తోంది, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు వదిలారు. అటు వీధి నుంచి మకానానికి రావాలంటే అదే దారి, లేకపోతే రోడ్డు మీదుగా ఊరు చుట్టి రావాలి.

"ఈడేమొస్తాది మామా?" అని నేను సుంకన్న మామను అడిగాను.

"గేటు వస్తాది. మీ నాయన సవాలు ఎత్తుకుంటానే నేనీ గేట్లోంచి జవాబుతో వస్తా, చూస్తాండు," అని నవ్వాడు.

ఒక రోజు పొద్దున బిందె ఎత్తుకుని పోతే ఆ సందు లేదు. ఇటుకలు పెట్టి మూసేశారు, సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. మేస్త్రీ తిప్పయ్య తాపీ కడుక్కుంటున్నాడు.

"ఇదేంది తిప్పయ్యా, దారి మూసినావు?" అన్నాడు మా నాయన.

"గేటు చేసేటోడు ఇంకా రోంత ఆలస్యమంటాండాడంట. అంతవరకు మూయమన్యారు. నాకేం తెలుసన్నా, చెప్పింది చేస్తాండా. దీన్ని గూడా తడుపు, పచ్చిది."

గేటు పెట్టే చోట గోడ కట్టడం నేనెక్కడా వినలేదు. ఆ మాటే నాయనతో అన్నాను. "సుంకన్న చెప్పినాడు కదా వస్తాదని," అని ఆయన బిందె వంచాడు. ఆ సందు పూడ్చిన ఇటుకల మీద ఎక్కడా పొడిచోటు లేకుండా, చేత్తో తడిమి చూసుకుంటూ మరీ పోశాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

గుండం తవ్వడానికి గుద్దలి వేసే రోజు సుంకన్న మామ మోకాళ్ల నొప్పులని రాలేదు. ఎండకు అట్లే ఉంటాయి అన్నాడు మా నాయన. ఆ తర్వాత మందిరం ప్రారంభం వచ్చింది. ఆ పూట మా నాయన పరుపు కుడుతున్నాడు, నేను దూది సర్దుతున్నాను. బయలు అవతల మైకులో కొబ్బరికాయల చప్పుడు, మంత్రాలు, ఉపన్యాసాలు అన్నీ వినిపిస్తున్నాయి. ఉన్నట్టుండి ఒక పాట మొదలైంది. హార్మోనియం, తబలా, వాటి మీద శశికుమార్ గొంతు.

"ఎండల అడవిలో ఏమి వెదికేవయ్యా
ఏ దిక్కు పోయేవయ్యా, రామయ్యా?"

మా నాయన చేతిలో సూది ఆగిపోయింది. సవాలు అవగానే జవాబు కూడా ఆ గొంతే పాడింది. మళ్లీ సవాలు, మళ్లీ జవాబు. మా నాయన ఎక్కడ ఆగుతాడో అక్కడే ఆగుతూ, ఆయన ఎక్కడ గొంతు పైకి లేపుతాడో అక్కడే లేపుతూ పాడేస్తున్నాడు వాడు. పాట సగంలోనే నాయన లేచి చెప్పులేసుకున్నాడు. నేనూ వెంటపడ్డాను. ఎదురుగా కనిపిస్తున్న మందిరానికి గోడ అడ్డం, ఊరు చుట్టి పోవాల్సి వచ్చింది.

మేం పోయేసరికి సభ అయిపోయింది. మెట్ల మీద కొత్త పుస్తకాలు దొంతరగా పేర్చి ఉన్నాయి. సుంకన్న మామ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, భుజాల మీద కాషాయం రంగు శాలువా. పాటల ఇంటి పెద్ద అని సన్మానం చేశారట. శశికుమార్ పట్టుపంచె కట్టుకుని, గోడకు ఆనుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు, మొహంలో ఏ తడబాటూ లేదు.

"రా మామా, పుస్తకం తీసుకో. పాట ఇన్నావా? కాలానికి తగ్గట్టు రోంత మార్చినాం."

"ఇన్యా. ఒగటి అడుగుతా చెప్పప్పా, నువ్వు సదువుకున్నోనివి," అన్నాడు మా నాయన. "ఎడారి తీసి అడవి పెట్టినావు. అడవిలో వంకలుంటాయి, యేర్లుంటాయి. ఆడ దప్పితో ఎట్ల సస్తారు?"

పక్కనున్న ఒకరిద్దరు నవ్వారు. శశికుమార్ నవ్వలేదు.

"రాముడు మాకు పరాయోడా?" అన్నాడు నాయన. "ఆయన మీద నువ్వు కొత్తగా పాట రాయి, నేనొచ్చి తాళం వేస్తా. ఈ పాటలోంచి దప్పిగొన్నాయన్ని ఏంటికి బయటికి నూకినావు?"

"సాహిత్యానికి సరిహద్దులుండవు మామా. పాట ఏ ఒక్కరి ఇంటి సొత్తూ కాదు," అన్నాడు శశికుమార్.

కాలేజీలో పాఠం చెప్పినట్టే చెప్పాడు. చెబుతూ మళ్లీ పోయి ఆ గోడకే ఆనుకున్నాడు. మేం తడిపిన గోడకు వీపు ఆనించి సరిహద్దులుండవంటున్నాడు.

"ఇంకోటి మామా. ఇది మొదలు మనోళ్ల పాటే. మీవాళ్లు తర్వాత పేరు మార్చుకున్యారు. నేను పరిశోధన చేసి ముందుమాటలో రాసినా, సదువుకో."

"మీవాళ్లా?" అన్నాను నేను. "మా ఇంట్లో కూర్చుని ఫోన్లో పట్టుకున్న రోజు మేం మీవాళ్లమే కదా శశీ. ఎప్పుడు మారినాం?"

"నువ్వూరుకో సుల్తానా. ఇది సాహిత్యం విషయం."

నా నోటికి చాలా మాటలు వచ్చాయి. కానీ మా నాయన అప్పటికే వాణ్ని వదిలేసి సుంకన్న మామ ముందుకు పోయి నిలబడ్డాడు.

"బావా, నువ్వు చెప్పు. నా సవాళ్లు నీ కొడుకు చేతికి ఎట్లొచ్చినాయో ఈళ్లందరికీ చెప్పు."

సుంకన్న మామ శాలువా సర్దుకున్నాడు. మా నాయన చొక్కా గుండీల వైపు చూస్తూ మాట్లాడాడు. "పిల్లోళ్ల కాలం బావా ఇది. నన్నేంటికి లాగుతావు?"

"సరే. పండగకు వస్తావా, రావా?"

మామ కొడుకు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు. "వస్తా బావా. జవాబు నాది కదా. రాకుండా యాడికి పోతా?"

ఆ ఒక్క మాట పట్టుకుని మా నాయన ఇంటికొచ్చాడు. పాట పోయింది, పేరు పోయింది, మందిరం తెరిచాక కూడా సందు మూసే ఉండటంతో గేటు రాదని తేలిపోయింది. అయినా సుంకన్న వస్తానన్నాడు, చాలు అన్నాడు. ఆయనకు ఇక కావాల్సింది అదొక్కటే, గుండం దగ్గర తన సవాలుకు బావ నోటి నుంచి జవాబు. మా అమ్మకు నమ్మకం లేదు. "ఆయప్ప రాకుంటే జవాబులు గూడా నువ్వే పాడు. నీకు రాకనా?" అంది.

"నాకు ఒచ్చు. నాయి కావు," అన్నాడు నాయన.

చివరి రోజు వచ్చింది. పొద్దున్నుంచి మా నాయన నీళ్లు ముట్టలేదు. వాన జాడ లేదు, ఎండకు బయలంతా కాలుతోంది. అవతలి వీధి ఆడవాళ్లు కొందరు ఊరు చుట్టి వచ్చి, కొంగు చాటున తెచ్చిన చక్కెరను పీర్ల ముందు చదివించుకుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఎప్పుడూ బయలు పట్టనంత జనం వచ్చే చోట ఈసారి సగం మంది కూడా లేరు. పీర్లను ఎత్తుకున్నారు, ఊదు పొగ లేచింది. మా నాయన టవలు చుట్టుకుని గుండం పక్కన నిలబడ్డాడు. ఆయనకు ఎదురుగా, ఎప్పుడూ సుంకన్న మామ నిలబడే చోటు ఖాళీగా ఉంది, దాని వెనక గోడ.

నాయన పాడాడు. గొంతు ఎండిపోయి గరగరలాడింది కానీ పాడాడు. సవాలు పూర్తి చేసి, జవాబుకు పట్టేంత సేపు ఆగాడు. ఎవరూ పలకలేదు. రెండో సవాలు ఎత్తుకున్నాడు.

"ఏటి కాడికి పోతివా, గుక్కెడన్న తెస్తివా
ఎవరడ్డమొచ్చిరయ్యా, హుసేనయ్యా?"

మళ్లీ ఆగాడు. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు, మా గడప మీద కూర్చుని బీడీ తాగుతూ దగ్గే దగ్గు. నేను మకానం అరుగెక్కి మునివేళ్ల మీద నిలబడి చూశాను. గోడకు ఆనుకుని బీడీ పొగ లేస్తోంది, కాషాయం శాలువా కొస కనిపిస్తోంది. సుంకన్న మామ వచ్చాడు. వచ్చి, గోడ అవతల నిలబడ్డాడు. నడిచి రావాలనుకుంటే ఊరు చుట్టి రావొచ్చు, ఆ ఆడవాళ్లు రాలేదా? రాకపోయినా, అక్కడి నుంచే గొంతెత్తితే వినపడదా? గోడ మనిషికి అడ్డం గానీ మాటకు అడ్డమా?

మా నాయన కూడా ఆ దగ్గు విన్నాడు. మొహం ఆ వైపు తిప్పుకుని, మిగిలిన సవాళ్లన్నీ గోడకేసి పాడాడు. ప్రతి సవాలుకూ ఆగాడు, ఒక్కదానికీ తొందరపడలేదు. జనం కదలకుండా నిలబడ్డారు. పీర్లు మోసేవాళ్లు చేతులు మార్చుకుంటున్నారు. ఆఖరి సవాలు వచ్చింది.

"రారమ్మని కబురంపి పిలిచినోళ్లు ఏరయ్యా
వాళ్ల ఊరు యాడయ్యా, హుసేనయ్యా?"

జవాబు నా నాలుక మీదే ఉంది. ఊర్లనే, ఇండ్లల్లోనే ఉండారు, తలుపులేసుకున్యారు, పలకకుండా ఉండారు. అరిచి చెప్పాలనిపించింది. నాయన నా వైపు ఒక్కసారి చూశాడు, నేను నోరు మూసుకున్నాను. గోడ అవతల ఎవరూ పలకలేదు.

అప్పుడు గోడ మీదుగా ఒక చెయ్యి పైకి లేచింది. చేతిలో స్టీలు చెంబు. అంచుల దాకా నీళ్లున్నట్టున్నాయి, తొణికి గోడ మీద కారాయి. ముసలి చెయ్యి, వేళ్ల సందుల్లో బీడీ మరకలు. జనంలో ఎవరో "నీళ్లొచ్చినాయి, నీళ్లొచ్చినాయి" అన్నారు.

మా నాయన నడుచుకుంటూ పోయి చెంబు అందుకున్నాడు.

"జవాబు యాడ బావా?"

అవతల దగ్గు.

"జవాబు చెప్పు, తాగుతా. పొద్దున్నుంచి కాచుకోని ఉండా."

ఆయన గోడ ముందే నిలబడ్డాడు. పెదాలు పగిలి ఉన్నాయి, చేతిలో నిండు చెంబు ఉంది. అవతల నుంచి ఒక్క మాట రాలేదు. మా నాయన చెంబు పైకెత్తాడు. తాగుతాడనే అనుకున్నాను. ఆయన దాన్ని గోడ మీద వంచాడు. మూసేసిన ఆ సందు ఇటుకల మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, పొడిచోటు లేకుండా చేత్తో తడిమి చూసుకుంటూ, ఆ రోజుల్లో పోసినట్టే పోశాడు.

"ఇది ఇంకా పచ్చిదే బావా," అన్నాడు. "తడపకుంటే పగుల్తాది."

ఖాళీ చెంబు గోడ మీద పెట్టి వెనక్కి తిరిగాడు. "నడవండప్పా," అన్నాడు పీర్లు మోసేవాళ్లతో. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కదిలారు. నీళ్లు తాగకుండానే మా నాయన పీర్ల వెంట బావి దాకా పోయి, తిరిగొచ్చి, మా ఇంటి కుండలో నీళ్లు మా అమ్మ చేత్తో తాగాడు. తాగాక ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. మా నాయన ఏడవటం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆ తర్వాత వానలు పడ్డాయి, ఆలస్యంగానైనా ఊరంతా చెనిక్కాయలు విత్తారు. శశికుమార్ పుస్తకానికి టౌన్లో సభ జరిగిందని, బాగా మెచ్చుకున్నారని విన్నాం. సుంకన్న మామ అప్పుడప్పుడూ ట్యాంకరు దగ్గర ఎదురుపడితే మా నాయన దారి ఇస్తాడు. బావా అనడు, పేరు పెట్టి కూడా పిలవడు. ఆ చెంబు ఇప్పటికీ గోడ మీదే ఉంది. వాళ్లూ తీసుకోలేదు, మేమూ తీయలేదు.

ఆ వానల్లోనే మా నాయన నన్ను కూర్చోబెట్టి సవాళ్లన్నీ నేర్పాడు. ఆడబిడ్డకు నేర్పేదేంది, ఊరు ఒప్పుకుంటాదా అని మా అమ్మ అడిగింది. "ఫోనుకు నేర్పినోన్ని బిడ్డకు నేర్పకూడదా?" అన్నాడు ఆయన.

జవాబులు మాత్రం నేర్పలేదు. అవి వాళ్లవే. ఈ ఏడు గుండం దగ్గర నేనే నిలబడి సవాలు పాడతాను. పొద్దున్నుంచి నీళ్లు ముట్టను, ప్రతి సవాలుకూ జవాబుకు పట్టేంత సేపు ఆగుతాను. కానీ నా నీళ్ల చెంబు నేనే ఇంటి నుంచి తీసుకుపోతాను.